ఆరుబయట పాఠం: ఫోటోలో పడని సంగతులు

"ఈ వారం నాలుగో తరగతి పిల్లలు ఆరుబయట పాఠం నేర్చుకున్నారు. అందరూ ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు." కింద ఆరు ఫోటోలు. ఒకదాంట్లో బురద చేతులు, ఇంకోదాంట్లో చెట్టు చుట్టూ మూగిన గుంపు, మిగతా నాలుగింట్లో కెమెరా వైపు చూస్తున్న నవ్వులు. ప్రాథమిక పాఠశాలలు తల్లిదండ్రులకు పంపే బడి కబుర్లలో ఇలాంటి వార్త తరచూ కనిపిస్తూనే ఉంటుంది. చదివినవాళ్లలో ఒకరు "పోనీలే, పిల్లలకి కాస్త గాలి తగిలింది" అనుకుంటారు. ఇంకొకరు "మరి లెక్కల సిలబస్ ఎప్పటికి అవుతుంది?" అని గొణుక్కుంటారు. మూడో మనిషి బిడ్డ బూట్ల వంక చూసి, ఏమీ అనకుండా బకెట్ తెచ్చుకుంటారు.

ముగ్గురిలో ఎవరినీ తప్పుపట్టలేం. పిల్లలు ఏం చేశారో, ఎందుకు చేశారో, చివరికి ఏం తేలిందో ఆ వార్తలో లేదు. బయటికి వెళ్లారన్న ఒక్క ముక్కే ఉంది. ఆరుబయట చదువు మీద జరిగే వాదనలు చాలావరకు ఈ ఖాళీలోంచే పుడతాయి. పైగా ఆ పేరు కింద ఒకదానికొకటి పోలిక లేని పనులు నాలుగైదు నడుస్తుంటాయి.

అన్నిటికన్నా పాతది ఆట విడుపు. పిల్లలు వాళ్ల ఇష్టప్రకారం ఆడుకునే సమయం అది. టీచర్ అక్కడ ఉన్నా పాఠం చెప్పరు, చెప్పకూడదు కూడా. తరగతి గదిలో చెప్పాల్సిన పాఠాన్నే బయట చెప్పడం రెండోది. కొలతలు, దిక్కులు, మొక్క భాగాలు, ఒక కథకి వర్ణన రాయడం, ఏదైనా కావచ్చు. ఒకే చెట్ల గుంపు దగ్గరికి వారం వారం, నెలల తరబడి వెళ్లే పద్ధతి మూడోది. దాన్ని 'ఫారెస్ట్ స్కూల్' అంటున్నారు. ఏడాదికి ఒకటో రెండో సార్లు బస్సెక్కి వెళ్లే ఫీల్డ్ ట్రిప్ నాలుగోది. ఇవి కాక బడి తోట పెంపకం ఒకటి ఉంది. టీచర్ పూనికని బట్టి అది పై నాలుగింట్లో దేనికిందికైనా వస్తుంది.

వీటిలో ఒకదాని ఫలితాలు చూపించి ఇంకోదాన్ని సమర్థించడం మామూలైపోయింది. ఆటవల్ల ఆరోగ్యం బాగుపడుతుంది కాబట్టి ఫీల్డ్ ట్రిప్‌తో మార్కులు పెరుగుతాయన్నట్టు మాట్లాడతారు. ఎదుటి పక్షం కూడా తక్కువేం కాదు. ఒక పిక్నిక్‌లో ఏమీ నేర్చుకోలేదని మొత్తం ఆరుబయట చదువునే కొట్టిపారేస్తుంది.

ఈ కలగాపులగానికి కొంత కారణం చరిత్రలోనే ఉంది. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక కేంద్రం తెరిచి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. ఆ పేరు కవిత్వం కోసం పెట్టింది మాత్రమే కాదు. పిల్లలకి నిజంగానే చిన్న చిన్న మళ్లు ఇచ్చి, విత్తు నుంచి కాయ దాకా వాళ్లచేతే చేయించేవాడు. పెరుగుదలని చూస్తూ నేర్చుకోవాలని ఆయన ఆలోచన. (1851లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు ప్రభుత్వం ఈ కిండర్‌గార్టెన్లని నిషేధించింది! నాస్తికత్వం, సోషలిజం నూరిపోస్తున్నారన్న అనుమానం. 1860లో గానీ ఎత్తెయ్యలేదు. తోటపని అంత ప్రమాదకరంగా కనిపించిన ప్రభుత్వం ఇంకోటి ఉండకపోవచ్చు.) తర్వాత 1904లో బెర్లిన్ పక్కనున్న షార్లాటెన్‌బర్గ్‌లో అడవి బడి మొదలైంది. దాని లక్ష్యం వేరు. క్షయలాంటి జబ్బులు పొంచి ఉన్న బలహీనమైన పిల్లలకి గాలి, వెలుతురు, విశ్రాంతి దొరకాలి, చదువు కూడా ఆగకూడదు. లండన్‌లోని డెట్‌ఫర్డ్‌లో మెక్‌మిలన్ అక్కచెల్లెళ్లు 1914లో నడిపిన ఆరుబయలు నర్సరీ వెనక ఉన్నది కూడా పేద పిల్లల ఆరోగ్యమే. ఇటు శాంతినికేతన్‌లో 1901లో రవీంద్రనాథ్ టాగోర్ మొదలుపెట్టిన బడిలో చెట్ల కింద తరగతులకి కారణం ఆరోగ్యమూ కాదు, తోటపనీ కాదు. నాలుగు గోడల చదువు మీద ఆయనకున్న అసంతృప్తి. బ్రిటన్‌లో ఇప్పుడున్న ఫారెస్ట్ స్కూళ్లు ఇంకో దారిలో వచ్చాయి. 1993లో బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ బృందం ఒకటి డెన్మార్క్ వెళ్లి, అక్కడి చిన్నపిల్లలు ఆరుబయట గడిపే తీరు చూసి వచ్చి మొదలుపెట్టింది. ఒక్కొక్కరు ఒక్కో అవసరంతో పిల్లల్ని బయటికి తెచ్చారు. ఇవాళ మనం వాటన్నిటినీ ఒకే సంచిలో వేసి, ఒకే పేరు చీటీ అంటించాం.

ఒక చదరపు చట్రం చాలు

ఇక్కడ నాలుగిట్లో రెండోదాన్ని, అంటే మామూలు పాఠాన్ని బయట చెప్పడాన్ని, కొంచెం దగ్గరగా చూద్దాం. ఎక్కువ అనుమానాలు దాని మీదే. "అదే పాఠం గదిలో చెప్పొచ్చుగా?" అనే ప్రశ్నకి జవాబు ఉండాలి. లేకపోతే చెప్పకపోవడమే మేలు. బోర్డు బయటికి మోసుకెళ్లి అవే లెక్కలు చేయిస్తే ఒరిగేదేమీ ఉండదు. ఎండ, చప్పుడు అదనం.

ఒక ఉదాహరణ. మైదానంలో గడ్డి మధ్య చిన్న చిన్న తెల్ల పూలు ఉన్నాయి. మొత్తం ఎన్ని ఉంటాయి? అన్నిటినీ లెక్కపెట్టడం అసాధ్యమని పిల్లలకి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ రెండు నిమిషాలూ వాళ్లని లెక్కపెట్టనివ్వాలి. చిరాకు పుట్టాలి. అప్పుడు నాలుగు పుల్లలతో కట్టిన చదరపు చట్రం ఇవ్వాలి, ఒక్కో వైపు అర మీటరు. జీవశాస్త్రం వాళ్లు దీన్ని క్వాడ్రట్ అంటారు. పిల్లలకి చట్రం అంటే సరిపోతుంది. దాన్ని గడ్డిలో పదిచోట్ల పెట్టి, లోపల ఉన్న పూలు లెక్కపెట్టి రాసుకోవాలి.

మైదానం పొడవు 30 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు అనుకుందాం. విస్తీర్ణం 600 చదరపు మీటర్లు. అలాంటి చట్రాలు నాలుగు పక్కపక్కన పెడితే ఒక చదరపు మీటరు. పది చట్రాలంటే రెండున్నర. పదింట్లో కలిపి 40 పూలు దొరికాయనుకుంటే చదరపు మీటరుకి 16, మైదానం మొత్తానికి 9,600. గుణకారం, భాగహారం, విస్తీర్ణం అన్నీ ఒక్క దెబ్బతో వచ్చేశాయి. ఇంతవరకూ దీన్ని కాగితం మీద కూడా చేయించొచ్చు.

అసలు పాఠం ఇప్పుడు మొదలవుతుంది. పక్క గుంపు వాళ్ల లెక్క 3,600 వచ్చింది. ఎవరిది తప్పు? గుణకారాలు సరిచూస్తారు. రెండూ సరిగ్గానే ఉంటాయి. కొట్లాట మొదలవుతుంది. అప్పుడు టీచర్ అడగాల్సింది ఒక్కటే: "చట్రం ఎక్కడ పెట్టాలో ఎలా అనుకున్నారు?" మొదటి గుంపు నీళ్లు నములుతుంది. పూలు బాగా ఉన్నచోట పెట్టారు మరి! పూలు లెక్కపెట్టమన్నారు కదా, ఖాళీ గడ్డిలో ఎందుకు పెడతాం అన్నది వాళ్ల న్యాయం. ఆ న్యాయంలో లోపం ఎక్కడుందో తొమ్మిదేళ్ల పిల్లలు తమంతట తాము పట్టుకుంటారు, కొంచెం సమయం ఇస్తే. కంటికి నచ్చినచోట కాకుండా ఎలా పెట్టాలి? కళ్లు మూసుకుని విసురుదాం అంటారొకరు. చేతి వాటం ఉంటుందిగా అంటారు ఇంకొకరు. చివరికి చీటీలు వేస్తారు: ఒక డబ్బాలో 0 నుంచి 30 దాకా, ఇంకో డబ్బాలో 0 నుంచి 20 దాకా. మూల నుంచి పొడవు వైపు ఇన్ని మీటర్లు, వెడల్పు వైపు ఇన్ని మీటర్లు. వాళ్లకి తెలియకుండానే గ్రాఫు మీద బిందువులు గుర్తించేశారు. ఎన్నికల సర్వేలు, మందుల పరీక్షలు నిలబడే శాంపిలింగ్ సూత్రం, అంటే కొంత చూసి మొత్తాన్ని అంచనా వేసే పద్ధతి కూడా వాళ్ల చేతికి వచ్చేసింది. ఆ మాట ఇప్పుడే చెప్పక్కర్లేదు.

కాగితం మీద ఇది సాధ్యం కాదు. పుస్తకంలో ఇచ్చిన లెక్కలో చట్రం ఎక్కడ పెట్టాలో ముందే ఎవరో తేల్చేసి ఉంటారు. తప్పు చేసే అవకాశమే ఉండదు. బయట ఆ అవకాశం ఉంది. ఇదే పూల లెక్కని టీచర్ హడావిడిగా నడిపి, 9,600 అని రాయించి లోపలికి తీసుకొచ్చేస్తే అది గదిలో చెప్పిన పాఠం కన్నా అధ్వానం. తప్పు లెక్క, దాని మీద నమ్మకం, రెండూ మిగులుతాయి. బయటికి వెళ్లే ముందు ఒక ప్రశ్న, వచ్చాక ఒక పావుగంట మాట. ఈ రెంటి మధ్య ఉంటేనే బయట గడిపిన సమయం పాఠం అవుతుంది.

కొత్త చోటు, పాత చోటు

తల్లిదండ్రులకి బస్సెక్కి వెళ్లే ట్రిప్ గొప్పగా కనిపిస్తుంది, బడి ప్రాంగణంలో పాఠం చప్పగా ఉంటుంది. పరిశోధన మాత్రం దాదాపు తలకిందులుగా చెబుతోంది. అమెరికాలో జాన్ ఫాక్, ఆయన సహచరులు 1978లో ప్రచురించిన అధ్యయనంలో ఒక విషయం గమనించారు. పరిచయం లేని చోటికి వెళ్లిన పిల్లల దృష్టి ముందు ఆ చోటు మీదకే పోతుంది. ఏం ఉంది, ఎక్కడ ఉంది, భయపడాలా అన్నవి తేలేదాకా ఇచ్చిన పని తలకెక్కదు. ఆ చోటు అలవాటైన పిల్లలు అదే పనిని బాగా నేర్చుకున్నారు. పెద్దవాళ్లం కూడా అంతే, కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఎవరికి నిద్రపడుతుంది?

అందుకే ఫారెస్ట్ స్కూల్ పద్ధతిలో ఒకే చోటికి పదే పదే వెళ్లాలన్నది మూలసూత్రం. ఒకసారి వెళ్లొస్తే దాన్ని ఆ పేరుతో పిలవరు. నాలుగోసారి వెళ్లినప్పుడు చూడాల్సిన కొత్త వింతలు ఉండవు. అప్పుడు పిల్లలు మార్పుని చూడటం మొదలుపెడతారు: పోయిన వారం ఈ దుంగ కింద తేమ ఉండేది, ఇప్పుడు లేదు, పురుగులు ఎటుపోయాయి? ఇలాంటి ప్రశ్న మొదటిరోజు రాదు. బడి ఆవరణలో రెండు చెట్లు, ఒక గోడ మూల ఉంటే చాలని నా అభిప్రాయం. దూరం వెళ్లే ట్రిప్‌కి దాని విలువ దానికుంది. అయితే అది ఏడాది పొడవునా దగ్గర్లో జరిగిన పనికి కొసరుగా రావాలి, బదులుగా కాదు.

కంటికి మేలు, చెవికి చేటు?

ఆరుబయట గడిపితే పిల్లలకి మేలు అన్నదానికి అన్నిటికన్నా గట్టి ఆధారం చదువు వైపు నుంచి కాకుండా కంటి డాక్టర్ల వైపు నుంచి వచ్చింది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల్ని తీసుకుని, వాటిలో ఆరింట్లో ఒకటో తరగతి పిల్లలకి ప్రతి బడిరోజూ 40 నిమిషాల ఆరుబయట కార్యక్రమం అదనంగా పెట్టారు. మిగతా ఆరూ మామూలుగా నడిచాయి. మూడేళ్లు గడిచాక, అదనపు సమయం ఉన్న బడుల్లో 30.4 శాతం మందికి, లేనివాటిలో 39.5 శాతం మందికి కొత్తగా దూరపుచూపు మందగించింది, అంటే మయోపియా వచ్చింది. ఈ ఫలితాలు 2015లో వచ్చాయి. తైవాన్ 2010లో రోజుకి 120 నిమిషాలు బయట గడపాలంటూ బడుల ద్వారా కార్యక్రమం మొదలుపెట్టింది. ఏళ్లుగా పెరుగుతూ వచ్చిన చూపు సమస్య ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది.

ఎందుకు? ఎక్కువమంది ఒప్పుకునే వివరణ వెలుతురు. తరగతి గదిలో వెలుతురు సాధారణంగా 300 నుంచి 500 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) ఉంటుంది. బయట నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది, నేరుగా ఎండలోనైతే లక్ష దాకా వెళ్తుంది. మన కన్ను ఈ తేడాని సర్దేసుకుంటుంది కాబట్టి గది చీకటిగా అనిపించదు. ఎక్కువ వెలుతురులో కంటి లోపలి పొర రెటీనా నుంచి డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై, కనుగుడ్డు అతిగా పొడవు సాగకుండా ఆపుతుందని భావిస్తున్నారు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ మేలంతా మయోపియా రాకుండా ఆపడంలోనే. ఇప్పటికే అద్దాలు పెట్టుకున్న పిల్లల్లో అది అంత స్పష్టంగా కనిపించలేదు. ఈ లాభానికి పాఠం అవసరం కూడా లేదు, ఊరికే ఆడుకున్నా చాలు. కాబట్టి కంటి పరిశోధన చూపించి "మా ఆరుబయట పాఠాలు గొప్పవి" అని ఏ బడి అయినా చెబితే, అది ఆట విడుపు పెంచడానికి కారణం అవుతుంది తప్ప పాఠానికి కాదు.

టీచర్లకి అసలు టెన్షన్ వేరు. బయటికి తీసుకెళ్లి తెస్తే ఆ తర్వాత పీరియడ్ మొత్తం గోలే కదా? దీని మీద 2018లో వచ్చిన ఒక చిన్న అమెరికన్ అధ్యయనం ఉంది. మూడో తరగతి సెక్షన్లు రెండు, ఇద్దరు టీచర్లు, పది వారాలు. ఒకసారి పాఠం బయట, ఇంకోసారి గదిలో. ఆ తర్వాత గదిలో జరిగే పాఠంలో "ఇటు చూడు", "కూర్చో" అంటూ టీచర్ ఎన్నిసార్లు పాఠం ఆపాల్సి వచ్చిందో లెక్కపెట్టారు. బయట పాఠం జరిగిన రోజుల్లో ఆ లెక్క దాదాపు సగానికి తగ్గింది. ఒకే బడి, రెండే తరగతులు, కాబట్టి దీన్ని పట్టుకుని ఊరేగాల్సిన పనిలేదు. కానీ పిల్లలు చెడిపోతారన్న భయానికి మాత్రం ఇది ఎదురు నిలుస్తుంది. మనసు పెట్టి పెట్టి అలసిన దృష్టి, ఆకులు కదలడంలాంటి తేలికపాటి ఆకర్షణల మధ్య కోలుకుంటుందని రేచల్, స్టీఫెన్ కప్లాన్ అనే మనస్తత్వవేత్తలు ప్రతిపాదించారు. ఈ ఫలితం దానికి సరిపోతుంది.

బయట పాఠం చెప్పడం తేలికేమీ కాదు. గోడలు లేనిచోట గొంతు నిలవదు. వెనక వరసకి మాట చేరేలోపు ముందు వరస చీమల పుట్ట దగ్గర ఉంటుంది. అలవాటైన టీచర్లు సూచనలన్నీ గదిలోనే చెప్పేస్తారు, హద్దులు ముందే చూపిస్తారు, వెనక్కి పిలవడానికి ఒక ఈల గుర్తు పెట్టుకుంటారు. పిల్లల్ని నిలబెట్టేటప్పుడు ఎండ టీచర్ మొహం మీద పడేలా చూసుకుంటారు, పిల్లల కళ్లలో పడితే ఎవరూ వినరు. మొదటి రెండు మూడుసార్లు చిందరవందరగానే ఉంటుంది. అది చూసి మానేసేవాళ్లే ఎక్కువ.

దెబ్బ తగిలితే?

ప్రమాదం, ముప్పు అనే రెండు మాటల్ని విడదీస్తే సగం గొడవ తీరుతుంది. పుచ్చిపోయి పడటానికి సిద్ధంగా ఉన్న కొమ్మ ప్రమాదం. పిల్లలకి అది కనిపించదు, దాన్ని పెద్దవాళ్లు ముందే తొలగించాలి. గట్టి కొమ్మ మీద ఎంత ఎత్తు ఎక్కాలన్నది ముప్పు. అది పిల్లలకి కనిపిస్తుంది, ఎంతవరకో వాళ్లు అంచనా వేసుకోగలరు, వేసుకోవడం నేర్చుకోవాలి కూడా. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో పిల్లలు కోరి వెతుక్కునే ముప్పు ఆటల్ని ఆరుగా చెప్పారు: ఎత్తు, వేగం, పదునైన పనిముట్లు, నీరు నిప్పులాంటివి, కుస్తీలు, పెద్దల కంటికి దూరంగా పోవడం. చదివిన ప్రతివాళ్లకీ తమ చిన్నతనం గుర్తొచ్చే జాబితా ఇది. బ్రిటన్‌లో ఆరోగ్య భద్రతలు చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ కూడా 2012లో ఇచ్చిన ప్రకటనలో, పిల్లల ఆటల్లో ముప్పుని పూర్తిగా తీసేయడం లక్ష్యం కాదని, లాభాన్నీ ముప్పునీ కలిపి తూచాలని చెప్పింది.

బడి చేయాల్సింది అదే. ఈ పనిలో ఏం నేర్చుకుంటారు, ఏం జరగొచ్చు, జరిగితే ఏం చేస్తాం అని ముందే తల్లిదండ్రులకి చెప్పాలి. మోకాలు గీరుకున్నాక చెప్పే వివరణకి ఎంత నిజమైనా సంజాయిషీ వాసన వస్తుంది.

మళ్లీ ఆ వార్త దగ్గరికి

బడి కబుర్లు రాసేది సాధారణంగా రోజంతా పాఠాలు చెప్పి అలిసిపోయిన టీచర్ అని మరిచిపోకూడదు. "ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు" అన్న వాక్యం అలసటలోంచి వస్తుంది. అయినా ఆ వాక్యం పనికిరానిది, ఏ బడికైనా, ఏ రోజుకైనా అతుకుతుంది. ఫోటోలు కూడా అంతే. కెమెరా ఎత్తగానే పని ఆగిపోతుంది, నవ్వు వస్తుంది. పిల్లల మొహాలు, పేర్లు కలిపి బయటికి పంపడంలో గోప్యత సమస్య ఉంది, తల్లిదండ్రుల అనుమతి కావాలి. పిల్లల చేతులు, వాళ్ల నోట్‌బుక్ పేజీ, కొట్టేసి మళ్లీ రాసిన అంకె ఫోటో తీస్తే ఈ రెండు ఇబ్బందులూ పోతాయి, పాఠం కూడా కనిపిస్తుంది.

వార్త ముందుగా రావడం ఇంకా మంచిది. గురువారం బయట పాఠం ఉంటే సోమవారమే చెబితే బూట్లు, టోపీ, నీళ్ల సీసా సంగతి తేలుతుంది. మొక్కలు, పక్షులు, కొలతల పని తెలిసిన పెద్దవాళ్లు ఏ బడి చుట్టూ అయినా ఉంటారు, ఒకరిద్దరు తోడు రావడానికి వీలవుతుంది. ఇంట్లో "ఇవాళ బడిలో ఏం చేశారు?" అని అడిగితే "ఏం లేదు" అన్న జవాబు వస్తుందని పిల్లలున్న అందరికీ తెలుసు. అడగడానికి ఒక నిర్దిష్టమైన ప్రశ్న చేతిలో ఉంటే జవాబు మారుతుంది.

మొదటి వార్తనే ఇలా రాసి చూడండి, వాక్యాలు కొంచెం ఎక్కువవుతాయి అంతే:

"మైదానంలో తెల్ల పూలు ఎన్ని ఉన్నాయో నాలుగో తరగతి పిల్లలు అంచనా వేశారు. ఒక గుంపు 9,600 అంది, ఇంకో గుంపు 3,600. రెండు లెక్కల్లోనూ గుణకారం తప్పు లేదు. తేడా ఎందుకొచ్చిందో మీ పిల్లల్ని అడగండి. వచ్చే గురువారం చీటీలు వేసి మళ్లీ లెక్కపెడతాం. గడ్డి తడిగా ఉంటుంది, పాత బూట్లు పంపండి."